రేసింగ్ టీమ్ రేడియో వినడం: చట్టం దాటకుండా, ఎవరి గుట్టూ రట్టు చేయకుండా

రేసుకి స్కానర్ (రేడియో మాటలు పట్టి వినిపించే చిన్న రిసీవర్) తీసుకెళ్లొచ్చా? డ్రైవర్, క్రూ చీఫ్ (ఆ కారు సిబ్బందిని నడిపే పెద్ద) మాట్లాడుకునేది వింటే కేసవుతుందా? విన్నది రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా? ఈ మూడు ప్రశ్నలూ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. మూడింటికీ కలిపి ఒకే జవాబు ఉంటుందనుకోవడం దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తున్నారు.

స్టాండ్‌లో కూర్చుని స్కానర్‌తో టీమ్ మాటలు వినే అలవాటు అమెరికాలో, ముఖ్యంగా నాస్కార్ అనే స్టాక్ కార్ల రేసుల్లో ఎక్కువ. అందుకే ఇక్కడ రాసింది ఎక్కువగా అమెరికా గురించే. మిగతా దేశాల సంగతి 4వ మెట్టులో ఉంది. నేను లాయర్ని కాను, చాలాకాలంగా వింటున్నవాణ్ణి. చట్టం మాటలు ఎక్కడ ఉన్నాయో చూపిస్తాను, మీ ఊరికి, మీ రేసుకి సరిచూసుకోవడం మీ పని.

## 1. ముందు మూడు పనుల్నీ విడదీయండి

వినడం ఒక పని. దాచుకోవడం, అంటే రికార్డు చేయడం, ఇంకో పని. విన్నదాన్ని బయటపెట్టడం మూడోది. ప్రతి పనికీ అనుమతి వేరుగా చూసుకోవాలి. మొదటిది తప్పు కాదు కాబట్టి మూడోదీ తప్పు కాదనుకుంటే చిక్కే.

ఒక పాత కేసు చూడండి. 1996 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక జంట స్కానర్ వింటుంటే, అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ పాల్గొన్న సెల్‌ఫోన్ సంభాషణ తగిలింది. వాళ్లు రికార్డు చేశారు, టేపును ఒక కాంగ్రెస్ సభ్యుడికి అందజేశారు, అక్కణ్ణుంచి అది పత్రికలకెక్కింది. 1997లో ఇద్దరూ తలా 500 డాలర్ల జరిమానా కట్టారు. స్కానర్ కొనడం నేరం కాదు. సెల్‌ఫోన్ మాటలు పట్టుకోవడం నేరం. టేపు చేతులు మారాకే విషయం బయటపడింది.

మొదలుపెట్టే ముందు కాగితం మీద ఈ మూడూ రాసుకోండి:

☐ నేను వినబోయేది ఎవరి సిగ్నల్?
☐ రికార్డు చేస్తానా? ఎందుకు?
☐ ఎవరికైనా వినిపిస్తానా, రాస్తానా, పంపుతానా?

మూడోదానికి "అవును" అని రాస్తే 9వ మెట్టు రెండుసార్లు చదవండి.

## 2. మీరు చూసే సిరీస్ తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా?

నాస్కార్‌లో టీమ్ రేడియో చాలాకాలంగా తెరిచిన తలుపే. అనలాగ్ ఎఫ్ఎం (డిజిటల్ కాని పాత పద్ధతి), యూహెచ్ఎఫ్ బ్యాండ్ (వాకీటాకీలు వాడే ఫ్రీక్వెన్సీల వరస), మామూలు స్కానర్‌కి అందుతుంది. అభిమానులు వింటారని టీములకు తెలుసు. ప్రత్యర్థి టీములు కూడా వింటాయి.

ఈ తలుపు ఎందుకు తెరిచి ఉంచుతారో 2013 రిచ్‌మండ్ రేసు చెబుతుంది. సెప్టెంబరు 7న ఆఖరి ల్యాపుల్లో క్లింట్ బోయర్ కారు గిరగిరా తిరిగింది. తన టీమ్‌మేట్‌కి లాభం చేయడానికే తిరిగాడా అన్న అనుమానం వచ్చింది. బోయర్ కావాలని చేశాడని నాస్కార్ తేల్చలేకపోయింది. కానీ అదే టీములో ఇంకో డ్రైవర్ బ్రయన్ విక్కర్స్‌ని పిట్‌కి (టైర్లు మార్చి ఇంధనం నింపే చోటు) రమ్మని రేడియోలో ఇచ్చిన ఆదేశం దొరికింది. మైఖేల్ వాల్ట్‌రిప్ రేసింగ్‌కి 3 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ వారంలోనే స్పాటర్లు (పైనుంచి ట్రాక్ చూస్తూ డ్రైవర్‌కి దారి చెప్పేవాళ్లు) నిలబడే చోట డిజిటల్ రేడియోలు నిషేధించి, అందరూ వినగలిగే అనలాగ్ రేడియోలే వాడాలని నాస్కార్ నియమం పెట్టింది.

ఫార్ములా 1 దీనికి పూర్తిగా భిన్నం. టీమ్ రేడియో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఇతరులకు అర్థంకాకుండా వెళ్తుంది. స్కానర్ పట్టుకెళ్తే గరగర తప్ప ఏమీ రాదు. వినాలంటే టీవీ ప్రసారంలో ఏరి వినిపించే ముక్కలు, లేదంటే చందా కట్టి ఎఫ్1 టీవీలో డ్రైవర్ ఆన్‌బోర్డ్ ఛానళ్లు. ఎన్‌క్రిప్షన్ విప్పే దారి కోసం వెతక్కండి, ఆ దారి నేరానికి పోతుంది.

మిగతా సిరీస్‌లకు నిర్వాహకుల యాప్ ముందు చూడండి. ఇండీకార్ (అమెరికాలోని ఇంకో రేసు సిరీస్) లాంటివి తమ యాప్‌లోనే టీమ్ రేడియో వినిపిస్తాయి. యాప్‌లో వినేవాళ్లకి వినడం గురించిన టెన్షన్ ఉండదు. దాచుకోవడం, బయటపెట్టడం మాత్రం అప్పుడు కూడా ఉంటాయి.

## 3. అమెరికా చట్టంలో చూడాల్సిన రెండు చోట్లు

మొదటిది 1986 నాటి ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ చట్టం. 18వ టైటిల్ 2511వ సెక్షన్ ఇతరుల సంభాషణ పట్టుకోవడాన్ని నేరమంటుంది. శిక్ష 5 ఏళ్ల వరకూ ఉండొచ్చు. అదే సెక్షన్‌లో మినహాయింపులూ ఉన్నాయి. "ప్రైవేట్ ల్యాండ్ మొబైల్" రేడియో, ప్రజలకు సులువుగా అందేలా ఉంటే, వినడం నేరం కాదు. టీములు వాడే బిజినెస్ లైసెన్సు వాకీటాకీలు ఈ కోవలోకే వస్తాయి.

"సులువుగా అందేలా" అంటే ఏమిటి? 2510వ సెక్షన్ తిరగేసి చెబుతుంది, ఏది సులువుగా అందేది కాదో లెక్కపెడుతుంది. దాన్ని మనకి పనికొచ్చే చెక్‌లిస్టుగా మారిస్తే ఇలా ఉంటుంది. వీటిలో ఒక్కదానికి "అవును" వచ్చినా ఆ ఛానల్ వదిలేయండి:

☐ మాటలు స్క్రాంబుల్ లేదా ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయా?
☐ గుట్టుగా ఉంచాలనే ఉద్దేశంతో సాంకేతిక వివరాలు దాచిన పద్ధతిలో ప్రసారం అవుతోందా?
☐ ఇంకో సిగ్నల్ మీద ఎక్కి వచ్చే ఉప సిగ్నలా?
☐ ఫోన్ కంపెనీ నెట్‌వర్క్ మీద నడిచే మాటా?
☐ టీవీ, రేడియో స్టేషన్ల సిబ్బందికి కేటాయించిన ఫ్రీక్వెన్సీయా?

ఆఖరిది చాలామందికి తెలియదు. ఆన్‌లైన్‌లో దొరికే రేసు ఫ్రీక్వెన్సీ లిస్టుల్లో టీములతో పాటు టీవీ ప్రొడక్షన్ సిబ్బంది ఛానళ్లు కూడా ఉంటాయి. వాటికి చట్టంలో వేరే లెక్క, అందులో మళ్లీ మెలికలు. ఆ మెలికలు విప్పుకుంటూ కూర్చునే బదులు లిస్టులోంచి కొట్టేయడం మేలు.

డిజిటల్ అంటే ఎన్‌క్రిప్షన్ అని కాదు. అందరికీ తెలిసిన డిజిటల్ పద్ధతిలో, తాళం లేకుండా వచ్చేది వేరు, తాళం వేసి వచ్చేది వేరు. తాళం కనబడగానే ఆగిపోవాలి.

రెండో చోటు 1934 కమ్యూనికేషన్స్ చట్టం 705వ సెక్షన్, కోడ్ పుస్తకంలో 47వ టైటిల్ 605. ఇది విన్నదాన్ని బయటపెట్టడం గురించి, సొంత లాభానికి వాడుకోవడం గురించి మాట్లాడుతుంది. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీనికి చెప్పే ఉదాహరణ సూటిగా ఉంటుంది: పోలీసు ఛానల్లో ప్రమాదం సంగతి విని, బేరం కోసం తన టో ట్రక్కును అక్కడికి పంపేవాడు ఈ సెక్షన్‌కి చిక్కుతాడు. ఊరికే విన్నవాడు చిక్కడు.

ఈ ఉదాహరణను రేసుకి తెచ్చి చూడండి. స్కానర్‌లో "గేర్‌బాక్స్ పోయింది, ఇంకెవరికీ తెలియదు" అని విని వెంటనే ఫోన్‌లో పందెం కాసేవాడి పని టో ట్రక్కు వాడి పనికి చాలా దగ్గర. పందెం కంపెనీ నియమాలు ఎలా ఉన్నా, నా సలహా ఒకటే: స్కానర్ చెవికి ఉన్నంతసేపూ పందెం యాప్ ముట్టుకోవద్దు.

## 4. అమెరికా దాటితే

బ్రిటన్‌లో స్కానర్ కొనొచ్చు, ఇంట్లో ఉంచుకోవచ్చు. వినడానికి మాత్రం అందరి కోసం ప్రసారమయ్యేవే: లైసెన్సు ఉన్న రేడియో ప్రసారాలు, అమెచ్యూర్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపేది), సీబీ (సామాన్యులు దగ్గరి దూరాల్లో మాట్లాడుకునే రేడియో), వాతావరణం, నావిగేషన్ సమాచారం. 2006 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 48వ సెక్షన్ ప్రకారం, మీకోసం కాని సందేశంలో ఏముందో తెలుసుకోవాలని రేడియో వాడటమే నేరం. అమెరికాలో నాస్కార్ చూసొచ్చిన అలవాటుతో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో స్కానర్ తీస్తే కుదరదు.

జర్మనీలోనూ అంతే. అందరి కోసం కాని సందేశం వినకూడదు. పొరపాటున చెవిన పడినా అందులోని విషయం ఇంకొకరికి చెప్పకూడదు.

కెనడా చట్టం గీత ఇంకోచోట గీస్తుంది. రేడియోకమ్యూనికేషన్ చట్టం 9వ సెక్షన్ పట్టేది విని వాడుకోవడాన్ని, విని బయటపెట్టడాన్ని. ఊరికే విని ఊరుకున్నవాణ్ణి ఆ వాక్యం పట్టదు.

కాబట్టి పరికరం అదే, మనిషి అదే, గొంతు అదే అయినా దేశం మారితే జవాబు మారుతుంది. విమానం టికెట్టు కొన్నప్పుడే ఆ దేశం రేడియో చట్టంలో "రిసీవ్", "ఇంటర్‌సెప్ట్" అనే మాటల దగ్గర ఏం రాసుందో చూడండి.

## 5. దారిలో కారు ఆపితే

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. రేసులో వినడం తప్పు కాకపోయినా, రేసుకి వెళ్లే దారిలో స్కానర్ కారులో ఉండటం కొన్ని రాష్ట్రాల్లో తప్పు కావచ్చు. టీముల యూహెచ్ఎఫ్ పట్టే స్కానరే పోలీసు ఫ్రీక్వెన్సీలూ పడుతుంది, చట్టం చూసేది దాన్ని.

ఇలాంటి ఆంక్షలున్న రాష్ట్రాల్లో ఫ్లోరిడా, ఇండియానా, న్యూయార్క్ ఉన్నాయి. అంటే పేరున్న ట్రాక్‌లున్న డేటోనా, ఇండియానాపోలిస్, వాట్కిన్స్ గ్లెన్. కెంటకీలోనూ ఉంది.

మాటల్లో తేడా గమనించండి. ఫ్లోరిడా చట్టం పోలీసు ఫ్రీక్వెన్సీలకు సర్ది ఉంచిన రిసీవర్ గురించి మాట్లాడుతుంది, అయితే కారులో బిగించడంతో పాటు తీసుకెళ్లడాన్ని కూడా కలుపుతుంది. న్యూయార్క్ చట్టం పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకోగల రిసీవర్‌ని కారుకి అమర్చడం గురించి చెబుతుంది. ఒకచోట మెమరీ చెరిపేస్తే ఉపయోగం, ఇంకోచోట పరికరం ఎక్కడ ఎలా ఉందన్నదే ముఖ్యం. అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లకు చాలా రాష్ట్రాల్లో మినహాయింపు ఉంటుంది.

బయల్దేరే ముందు:

☐ దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం చట్టం చూశాను, రేసు జరిగే రాష్ట్రం ఒక్కటే కాదు
☐ స్కానర్ మెమరీలో పోలీసు, ఫైర్, అంబులెన్సు ఛానళ్లు ఒక్కటీ లేవు
☐ స్కానర్ ఆఫ్ చేసి, బ్యాటరీలు తీసి, పెట్టెలో పెట్టాను
☐ అమెచ్యూర్ లైసెన్సు ఉంటే దాని కాపీ పర్సులో ఉంది

అంతా చదివినా అనుమానం తీరకపోతే స్కానర్ ఇంట్లో వదిలేసి ట్రాక్ దగ్గర అద్దెకు తీసుకోండి. పెద్ద నాస్కార్ రేసుల దగ్గర అద్దె స్టాళ్లుంటాయి. ఆ వారం ఫ్రీక్వెన్సీలు ముందే ఎక్కించి ఇస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

## 6. పరికరం: ఏది కొనాలి, ఏది వద్దు

యూనిడెన్ బేర్‌క్యాట్ బీసీ125ఏటీ లాంటి మామూలు అనలాగ్ స్కానర్ నాస్కార్‌కి సరిపోతుంది. 500 ఛానళ్లు, 10 బ్యాంకులు (ఛానళ్ల గుంపులు). 1994 ఏప్రిల్ 26 తర్వాత అమెరికాలో తయారీకి, దిగుమతికి అనుమతి ఉన్న స్కానర్లకు పాత సెల్‌ఫోన్ ఫ్రీక్వెన్సీలు అందకూడదు. కాబట్టి సంతలో "అన్నీ పట్టే పాత మోడల్" అని ఎవరైనా అమ్మజూపితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

చవగ్గా వస్తుందని బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి వాకీటాకీ కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. అది వింటుంది, మాట్లాడుతుంది కూడా. జేబులో పెట్టుకుని కూర్చున్నప్పుడు పక్క బటన్ నొక్కుకుపోతే మీ స్టాండ్ గోల డ్రైవర్ చెవిలో పడుతుంది. 200 మైళ్ల వేగంలో స్పాటర్ "పక్కన కారుంది" అని చెబుతున్న క్షణంలో ఆ మాట మీ వల్ల వినబడకపోతే ఏమవుతుందో ఊహించండి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం ఎటూ నేరమే. కీప్యాడ్ లాక్ వేశానులే అనుకోవద్దు, అది మాట్లాడే బటన్‌ని ఆపదు.

తప్పనిసరిగా అదే వాడాల్సి వస్తే, కంప్యూటర్‌లో చిర్ప్ సాఫ్ట్‌వేర్ తెరిచి ప్రతి ఛానల్‌కీ "డ్యూప్లెక్స్" గడిలో "ఆఫ్" పెట్టండి. ఆ ఛానళ్లలో ప్రసారం ఆగిపోతుంది. తర్వాత ఇంట్లోనే బటన్ నొక్కి, ప్రసారం అవడం లేదని ఖాయం చేసుకోండి. ఫ్రీక్వెన్సీ చేత్తో కొట్టే మోడ్‌లోకి మాత్రం వెళ్లకండి, అక్కడ ఈ తాళం పనిచేయదు.

చెవుల సంగతి చట్టం కాకపోయినా చెప్పకుండా ఉండలేను. స్టాక్ కార్ల రొద 100 డెసిబెల్స్ దాటుతుంది. అంత శబ్దంలో 15 నిమిషాలకు మించి ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ పరిమితి. చిన్న ఇయర్‌ఫోన్లు పెట్టి, రొదకి పోటీగా వాల్యూమ్ పెంచితే చెవి రెండు వైపులా దెబ్బ తింటుంది. చెవి మొత్తం మూసే హెడ్‌సెట్ కొనండి.

## 7. ఇంట్లో చేయాల్సిన ప్రోగ్రామింగ్

ట్రాక్ దగ్గర ప్రోగ్రాం చేద్దాంలే అనుకుంటే రేసు సగం అయిపోతుంది. క్రమం ఇది:

1. ఈ సీజన్, వీలైతే ఈ వారం లిస్టు సంపాదించండి. పోయిన ఏడాది లిస్టు చిత్తు కాగితమే.

2. టీవీ సిబ్బంది, భద్రతా సిబ్బంది, పోలీసు, వైద్య సిబ్బంది వరసలన్నీ కొట్టేయండి. టీములు, రేస్ కంట్రోల్ (రేసును నడిపే అధికారుల ఛానల్) మిగలాలి.

3. కారు నంబరే ఛానల్ నంబరుగా పెట్టండి. 24వ నంబరు కారు 24వ ఛానల్లో. అదే కారు రెండో ఫ్రీక్వెన్సీ 124లో. 500 ఛానళ్ల స్కానర్‌లో బ్యాంకుకి 50 కాబట్టి 1, 2 బ్యాంకుల్లో మొదటి ఫ్రీక్వెన్సీలు, 3, 4ల్లో రెండోవి పడతాయి. అనవసరమైనప్పుడు 3, 4 ఒక్కో నొక్కుతో ఆపేయొచ్చు.

4. మోడ్ ఎన్ఎఫ్ఎం (ఇరుకు ఎఫ్ఎం) పెట్టండి. 2013 జనవరి 1 నుంచి ఈ బ్యాండ్‌లో బిజినెస్ రేడియోలు 12.5 కిలోహెర్ట్జ్ ఇరుకు ఛానళ్లకు మారాయి. పాత వెడల్పు మోడ్‌లో వింటే గొంతు సన్నగా, దూరంగా వినిపిస్తుంది.

5. లిస్టులో టోన్ (మాటతో పాటు వచ్చే గుర్తింపు ధ్వని) ఇచ్చి ఉంటే అది కూడా ఎక్కించండి. ఇది సౌకర్యం ఒక్కటే కాదు. 464.500, 464.550 మెగాహెర్ట్జ్ లాంటి సంచార ఫ్రీక్వెన్సీలు దేశమంతా ఎవరెవరో వాడుకుంటారు. టోన్ లేకపోతే సంబంధం లేనివాళ్ల మాటలు చెవిన పడతాయి. ఒకసారి నేను పాత లిస్టు ఎక్కించుకుని వెళ్లి, క్రూ చీఫ్ అనుకుని ఐసు మూటలు ఎక్కడ దించాలో చెప్పే మనిషిని పావుగంట విన్నాను. టైర్ల గురించి ఏదో రహస్య భాష అనుకున్నాను.

6. రేస్ కంట్రోల్‌ని ప్రయారిటీ ఛానల్‌గా, అంటే మిగతావాటికన్నా ముందు వినిపించేదిగా పెట్టండి.

7. స్కానర్‌లో దగ్గరి సిగ్నల్ని తనంతట తాను పట్టే సౌకర్యం ఉంటే ఆపేయండి. అది ఎవరి మాట పడుతుందో మీ చేతిలో ఉండదు.

## 8. ట్రాక్ దగ్గర

టికెట్టు వెనక చిన్న అక్షరాలు చదవండి. రేసు ధ్వని, వీడియో, వివరాలు ప్రసారం చేయడం గురించి నియమాలు అక్కడే ఉంటాయి. చట్టం ఒప్పుకున్నా టికెట్టు ఒప్పుకోకపోతే బయటికి పంపే హక్కు వాళ్లకుంది.

కూర్చోగానే స్క్వెల్చ్ (ఖాళీ గరగరని అణిచే మీట) సరిచేయండి: గరగర ఆగే వరకూ తిప్పి, అక్కడే ఆపాలి. ఎక్కువ తిప్పితే బలహీనమైన గొంతులు పోతాయి. రేస్ కంట్రోల్ వినపడుతోందా చూసి, తర్వాత మీ డ్రైవర్ ఒక్క ఛానల్ మీద పది ల్యాపులు నిలవండి. మొదట్లో మాటలు అర్థం కావు. స్పాటర్ "లోపల, ఇంకా లోపల, క్లియర్" అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంటాడు. చెవి అలవాటు పడ్డాకే మిగతా కార్లు కలుపుకోండి.

పిల్లలున్నారా? టీమ్ రేడియోలో బూతులు వస్తాయి. యాప్‌లో కొంత వడపోత ఉండొచ్చు, స్కానర్‌లో ఉండదు. వాళ్లకి రేస్ కంట్రోల్ ఛానల్ పెట్టి ఇవ్వండి.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి. ఆ క్షణంలో రేడియోలో వచ్చేది రేసు కబురు కాదు, ఒక మనిషి ఒంటికి తగిలిన దెబ్బ కబురు. వాళ్ల ఇంటివాళ్లు కూడా అప్పటికి విని ఉండరు. వినడం మీ ఇష్టం. ఫోన్ మాత్రం బయటికి తీయకండి.

## 9. రికార్డు చేయడం, బయటపెట్టడం

రికార్డు చేయాలనుకుంటే స్కానర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరుతో నేరుగా రికార్డర్‌కి తీసుకోండి. ఫోన్ మైకు స్కానర్ దగ్గర పెట్టి రికార్డు చేస్తే పక్క సీట్ల వాళ్ల సొంత మాటలూ అందులో పడతాయి. ఫ్లోరిడా, కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయాలంటే అందులో ఉన్నవాళ్లందరి ఒప్పుదల కావాలి. టీమ్ రేడియో కోసం పోయి పక్కింటి జంట కీచులాట మోసుకొచ్చినట్టవుతుంది.

ఇక బయటపెట్టడం. పైన చెప్పిన 605 సెక్షన్ వల్ల ఇక్కడ నేల అంత గట్టిగా లేదు. వినడానికి చట్టంలో ఉన్నంత సూటి మినహాయింపు దీనికి లేదు. అందుకే నేను నాకోసం గీసుకున్న గీతలివి:

ప్రత్యక్షంగా ప్రసారం చేయను. స్కానర్ ధ్వనిని ఇంటర్నెట్‌లోకి అప్పటికప్పుడు వదలడం టికెట్టు నియమాలకూ అడ్డం, ప్రసార హక్కులున్నవాళ్లకూ అడ్డం.

అధికారిక యాప్, టీవీ ధ్వనిని రికార్డు చేసి తిరిగి ఎక్కించను. అక్కడ రేడియో చట్టం కన్నా ముందు కాపీరైట్, యాప్ షరతులు అడ్డొస్తాయి. లింకు ఇస్తే సరిపోతుంది.

చర్చకు కావాలంటే, ఇప్పటికే ప్రసారంలోనో పత్రికల్లోనో వచ్చిన మాటనే ఎత్తి చూపుతాను. 2010 జర్మన్ గ్రాండ్ ప్రీలో ఫెరారీ డ్రైవర్ ఫెలీపే మాసాకి, టీమ్‌మేట్ ఫెర్నాండో అలోన్సోకి దారి ఇమ్మన్నట్టుగా, రేడియోలో "ఫెర్నాండో నీకన్నా వేగంగా ఉన్నాడు" అని చెప్పిన మాట అలాంటిది. ప్రపంచమంతా విన్నది, దాని మీద ఫెరారీకి లక్ష డాలర్ల జరిమానా పడింది. దాన్ని గురించి ఎంతైనా రాయొచ్చు.

ఎవరికైనా పంపే ముందు చూసుకోవాల్సినవి:

☐ గాయం, మందులు, ఆరోగ్యం గురించిన మాట ఉందా?
☐ ఫోన్ నంబరు, హోటల్, ఇంటివాళ్ల పేర్లు ఉన్నాయా?
☐ డ్రైవర్ కాని సిబ్బంది పేరు ఉందా? టైరు మార్చే కుర్రాడు సెలబ్రిటీ కాదు
☐ ఎవరి మీదైనా ఆరోపణ ఉందా? ముందూ వెనకా మాటలు కత్తిరిస్తే అర్థం మారిపోతోందా?
☐ దీని వల్ల నాకు డబ్బు వస్తోందా?

ఒక్క టిక్ పడినా పంపకండి. నాలుగోది అన్నిటికన్నా జారుడు. కోపంలో "వాణ్ణి గోడకేసి కొడతా" అనడం రేడియోలో మామూలు. పదిహేను సెకన్ల ముక్క బయటికి తీస్తే అది బెదిరింపుగా వినిపిస్తుంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

అన్ని ఛానళ్లూ ఒకేసారి మోగుతున్నాయి, ఒకరి గొంతులో ఇంకొకరు. పిట్లకు దగ్గరగా కూర్చున్నప్పుడు సిగ్నల్ మరీ బలంగా ఉండి స్కానర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. పొడుగు యాంటెనా తీసి పొట్టిది పెట్టండి. 460 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం అంటే 16 సెంటీమీటర్లే. అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించే మీట) ఉంటే ఆన్ చేయండి.

మీ డ్రైవర్ ఒక్కడే వినపడటం లేదు. రెండో ఫ్రీక్వెన్సీకి మారి ఉంటారు. 3, 4 బ్యాంకులు తెరవండి. అక్కడా లేకపోతే టోన్ తీసేసి చూడండి, దొరికాక మళ్లీ పెట్టండి.

స్కాన్ ఒకేచోట ఆగిపోయింది, బర్రుమని మోత. ఆ ఛానల్‌ని లాకౌట్ చేయండి, అంటే స్కాన్‌లోంచి తప్పించండి.

వెతుకుతుంటే వేరెవరిదో సొంత సంభాషణ తగిలింది. ఎవరా అని ఆగి వినకండి. లాకౌట్ చేసి ముందుకు పోండి, రికార్డింగ్ నడుస్తుంటే ఆ ముక్క అక్కడే చెరిపేయండి. పొరపాటున తగలడం వేరు, తగిలాక కూర్చుని వినడం వేరు.

బ్యాటరీలు సగంలో పోయాయి. ఇది పొరపాటంటే పొరపాటే, మొదటి రేసులో అందరికీ జరుగుతుంది. రెండు జతలు అదనంగా పెట్టుకోండి.

## 11. ఎవరైనా అడిగితే

ట్రాక్ సిబ్బంది ఆపమంటే ఆపేయండి. అది వాళ్ల స్థలం, చట్టం పుస్తకం విప్పి వాదించే చోటు కాదు. తర్వాత తీరిగ్గా మెయిల్ రాసి అడగొచ్చు.

పోలీసు అడిగితే ఏం వింటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి: రేసు టీమ్ ఛానళ్లు, ఫలానా డ్రైవర్. ఛానళ్లకు పేర్లు రాసి ఉంటే తెర మీద "24 మొదటి", "24 రెండో" అని కనబడుతుంది, సగం పని అదే చేసేస్తుంది. అమెచ్యూర్ లైసెన్సు ఉంటే చూపించండి. పరికరం స్వాధీనం చేసుకుంటానంటే పెనుగులాడకుండా రసీదు అడిగి తీసుకోండి, మిగతా మాట లాయర్‌తో.

మీరు పంచిన క్లిప్ తీసేయమని టీమ్ నుంచి గానీ అందులో మాట్లాడిన మనిషి నుంచి గానీ సందేశం వస్తే అదే రోజు తీసేయండి. అప్పటికే ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకీ చెప్పండి. మీ దగ్గరున్న అసలు ఫైల్‌ని మాత్రం వెంటనే చెరపొద్దు: విషయం లాయర్ల దాకా వెళ్లేలా ఉంటే, దాన్ని ఏం చేయాలో మీ లాయర్‌ని అడిగాకే చేయండి.